బాడుగ విమానానికి బాధ్యులెవరు?

ఫ్రాన్స్ రాజధాని పారిస్‌కు తూర్పున 150 కిలోమీటర్ల దూరంలో, షాంపేన్ ద్రాక్షతోటల సీమలో, వాట్రీ అనే చిన్న విమానాశ్రయం ఉంది. ఒకప్పటి నాటో వైమానిక స్థావరం అది. ఇప్పుడు అక్కడ సరకు విమానాల రాకపోకలే ఎక్కువ. 2023 డిసెంబరు 21న ఇంధనం నింపుకోవడానికి ఓ ఎయిర్‌బస్ ఏ340 అక్కడ దిగింది. ట్యాంకులు నింపుకొని ఎగిరిపోవాల్సిన ఆ విమానం నాలుగు రోజులు కదల్లేదు. లోపలున్నవాళ్లు మనుషుల అక్రమ రవాణాలో చిక్కుకున్నవాళ్లు కావచ్చంటూ ఎవరో పేరు చెప్పకుండా ఫ్రెంచి అధికారులకు ఉప్పందించారు. పోలీసులు వచ్చి లెక్క చూస్తే 303 మంది. అత్యధికులు భారతీయులే. వాళ్లలో ఇరవై ఒక్క నెలల పసిబిడ్డ ఉంది. వెంట పెద్దవాళ్లెవరూ లేని పిల్లలూ ఉన్నారు.

విమానాశ్రయం హాలులో మడతమంచాలు వేశారు. బయటివాళ్ల చూపు పడకుండా అద్దాలకు తెల్ల పట్టాలు కప్పారు. క్రిస్మస్ ముందురోజు, ఆదివారం, న్యాయమూర్తులూ లాయర్లూ దుబాసీలూ ఆ విమానాశ్రయానికే వచ్చి అక్కడే కోర్టు నడిపారు. 25న విమానానికి సెలవు దొరికింది. మర్నాడు తెల్లవారుజామున 276 మందితో అది ముంబైలో దిగింది. పాతికమంది ఫ్రాన్స్‌లోనే ఆశ్రయం కోరుతూ ఉండిపోయారు. విచారణ కోసం పట్టుకున్న ఇద్దరినీ తర్వాత వదిలేశారు.

ఇదంతా అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. అక్రమంగా అమెరికా చేరే ‘డంకీ’ దారి గురించి, ఏజెంట్ల దోపిడీ గురించి చాలా చర్చ జరిగింది. ఆ విమానం గురించి మాత్రం తక్కువ మాట్లాడుకున్నాం. విమానం రుమేనియా సంస్థది. బయల్దేరింది అరబ్ ఎమిరేట్స్‌లోని ఫుజైరా నుంచి. దిగింది ఫ్రాన్స్‌లో. చేరాల్సింది మధ్య అమెరికాలో నికరాగ్వా రాజధాని మనాగ్వాకు. కూర్చున్నది మనవాళ్లు. మొత్తం ఐదు ప్రభుత్వాలు. ఆ విమానాన్ని ఎవరు బాడుగకు తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు అని ఈ ఐదింటిలో ఎవరు అడగాలి?

విమాన సంస్థ తరఫు న్యాయవాది అప్పుడు చెప్పిన జవాబు ఇది: విమానం మొత్తాన్ని ఒక భాగస్వామి కంపెనీ చార్టర్ చేసుకుంది, ప్రయాణికుల గుర్తింపు పత్రాలు సరిచూసే పని ఆ కంపెనీదే, పాస్‌పోర్టు వివరాలు 48 గంటల ముందే ఆ కంపెనీ మాకు పంపింది, మా తప్పేమీ లేదు. చట్టం దృష్టిలో ఈ వాదన నిలుస్తుందో లేదో కోర్టులు చూసుకుంటాయి. కానీ ప్రపంచమంతటా చార్టర్ ప్రయాణం ఎలా నడుస్తోందో ఈ జవాబు కుండబద్దలు కొట్టినట్టు చెబుతోంది. విమానం ఒకరిది, బేరం ఇంకొకరిది, డబ్బు వసూలు చేసేది మరొకరు. ప్రయాణికుడికి తెలిసేది ఆ మూడోవాడొక్కడే.

విదేశీ విమాన సంస్థల చార్టర్ల మీద ప్రభుత్వాలకు నిబంధనలు లేక కాదు. గుట్టలుగా ఉన్నాయి. వాటి పుట్టుక తెలుసుకుంటే, అవి మొదటి నుంచీ ఎవరిని కాపాడటానికి రాసుకున్నవో అర్థమవుతుంది.

ఆర్టీసీ బస్సు, పెళ్లి బస్సు

1944 నవంబరులో, రెండో ప్రపంచ యుద్ధం ఇంకా ముగియకముందే, షికాగోలో చాలా దేశాలు కూర్చుని పౌరవిమానయానానికి ఒక ఒప్పందం రాసుకున్నాయి. డిసెంబరు 7న సంతకాలయ్యాయి. నేటికీ అంతర్జాతీయ విమానయానానికి అదే రాజ్యాంగం. అందులో ఆరో అధికరణం రోజువారీ షెడ్యూల్ ప్రకారం నడిచే విమానాలది. ఏ దేశానికి వెళ్లాలన్నా ఆ దేశం అనుమతి ఇస్తేనే వెళ్లాలని అది నిక్కచ్చిగా చెబుతుంది. ఐదో అధికరణం షెడ్యూల్ లేని విమానాలది. అంటే చార్టర్లది. అది కాస్త ఉదారంగా మొదలవుతుంది. ఇంధనం కోసమో మరమ్మతు కోసమో దిగడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదంటుంది. డబ్బు తీసుకుని ప్రయాణికులను ఎక్కించుకోవడం, దించడం కూడా చేయవచ్చంటుంది. చివర్లో ఒక మెలిక పెడుతుంది: ఎక్కే దేశం, దిగే దేశం తమకు నచ్చిన షరతులు విధించుకోవచ్చు. ఎనభై ఏళ్లుగా దేశాలన్నీ ఆ మెలికనే పట్టుకుని నడుస్తున్నాయి.

ఈ తేడా మనకు కొత్తదేమీ కాదు. రోడ్డు మీద ఆర్టీసీ బస్సుకు ఉండేది స్టేజ్ క్యారేజ్ పర్మిట్. దారిలో ఎవరు చెయ్యెత్తినా ఎక్కించుకోవచ్చు. పెళ్లి బస్సుకు ఉండేది కాంట్రాక్ట్ క్యారేజ్ పర్మిట్. బస్సు మొత్తం ఒక్కరే మాట్లాడుకోవాలి, వాళ్ల జనాన్నే ఎక్కించుకోవాలి. ప్రైవేటు ట్రావెల్స్ బస్సులు పెళ్లి బస్సు పర్మిట్ పెట్టుకుని విజయవాడ హైవే మీద సీటు చొప్పున టికెట్లు అమ్ముతుంటాయి. రవాణా శాఖ వాళ్లు టోల్‌గేట్ల దగ్గర ఆపి కేసులు రాస్తుంటారు. ఆకాశంలోనూ అచ్చంగా ఈ తగాదాయే నడిచింది. మొదట్లో ప్రభుత్వాల భయమంతా ఒక్కటే: చార్టర్ పేరు పెట్టుకుని బయటి దేశం సంస్థ మన సంస్థ ప్రయాణికులను ఎగరేసుకుపోతుందేమో!

ఆ భయం ఎంత దూరం వెళ్లిందో 1960ల నాటి అట్లాంటిక్ ప్రయాణాలు చెబుతాయి. లండన్–న్యూయార్క్ మధ్య మామూలు టికెట్ సామాన్యుడికి అందేది కాదు. చార్టర్ చవక. అయితే ఏదో ఒక సంఘం తన సభ్యుల కోసమే విమానాన్ని మాట్లాడుకోవాలని, ఆ ప్రయాణికుడు కనీసం ఆరు నెలల ముందు నుంచి ఆ సంఘంలో సభ్యుడై ఉండాలని నిబంధన. దాంతో చవక టికెట్ల కోసమే సంఘాలు పుట్టుకొచ్చాయి. పాత తేదీలతో సభ్యత్వ కార్డులు తయారయ్యాయి. ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు విమానాశ్రయాలకు వచ్చి, మీ సంఘం ఏం చేస్తుంది, ఎప్పుడు చేరారు అని ప్రయాణికులను వరసగా నిలబెట్టి అడిగేవారు. జవాబు తడబడితే విమానం ఎక్కనిచ్చేవారు కాదు. అమ్మినవాడు హాయిగా ఉండేవాడు. కొన్నవాడు సూట్‌కేసుతో ఇంటిముఖం పట్టేవాడు. 1970లలో ఆ నిబంధనను ఎత్తేసి, ముందుగా బుక్ చేసుకుంటే చాలు, ఎవరైనా ఎక్కవచ్చనే పద్ధతి తెచ్చారు. నిబంధన పోయినా, శిక్ష చివరికి ప్రయాణికుడి నెత్తినే పడే అలవాటు పోలేదు.

2020: ఎయిర్ ఇండియాకు అమెరికా తాఖీదు

ఆ అలవాటును మన తెలుగువాళ్లు కళ్లారా చూసింది కరోనా ఏడాదిలో. 2020 మార్చి చివర్లో మన ప్రభుత్వం అంతర్జాతీయ విమానాలన్నిటినీ ఆపేసింది. అమెరికాలో చదువు ముగిసిన విద్యార్థులు, ఉద్యోగం పోయిన హెచ్‌1బీ వీసాదారులు, పిల్లల దగ్గరికి వెళ్లి చిక్కుకుపోయిన అమ్మానాన్నలు ఎక్కడివాళ్లక్కడే ఉండిపోయారు. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే అరవై రోజుల గడువు. ఆలోగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం వదలాలి. వదలడానికి విమానం లేదు.

మే 7న, చిక్కుకుపోయినవాళ్లను తెచ్చే ‘వందే భారత్’ కార్యక్రమం మొదలైంది. రెండో వారానికల్లా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ముంబై మీదుగా హైదరాబాద్‌కు విమానం వచ్చింది. రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి, పిలుపు కోసం కాచుకు కూర్చోవాలి. షికాగో నుంచి ఢిల్లీ మీదుగా హైదరాబాద్‌కు టికెట్ సుమారు లక్ష రూపాయలని అప్పటి విమానయాన మంత్రే ప్రకటించారు. సీటు దొరికినా కొందరికి ఇంకో చిక్కు వచ్చిపడింది. తల్లిదండ్రులిద్దరివీ భారతీయ పాస్‌పోర్టులు, అమెరికాలో పుట్టిన చంటిబిడ్డది అమెరికా పాస్‌పోర్టు. విదేశీ పౌరుల వీసాలు, ఓసీఐ కార్డులు అప్పటికి నిలిపేసి ఉన్నాయి. కాబట్టి అమ్మానాన్నలకు సీటుంది, బిడ్డకు లేదు. మే 22న ఆ నిబంధన సడలించేదాకా విమానాశ్రయం దాకా వెళ్లి తిరిగొచ్చిన కుటుంబాలున్నాయి.

వందే భారత్ విమానాలు చట్టం దృష్టిలో చార్టర్లు. షెడ్యూల్ విమానాలు నిషేధంలో ఉన్నాయి కాబట్టి వేరే దారి లేదు. ఇక్కడే తగాదా మొదలైంది. అటునుంచి చిక్కుకుపోయినవాళ్లను తెచ్చే విమానం ఇటునుంచి ఖాళీగా వెళ్లదు కదా! అమెరికా వెళ్లాల్సినవాళ్లకు ఎయిర్ ఇండియా టికెట్లు అమ్మింది, బహిరంగంగానే అమ్మింది. మరోవైపు అమెరికా సంస్థ డెల్టా, మేమూ ఇలాంటి విమానాలే నడుపుతామని మే 26న మన విమానయాన శాఖకు లేఖ రాసింది. అనుమతి రాలేదు.

జూన్ 22న అమెరికా రవాణా శాఖ ఉత్తర్వు ఇచ్చింది. ఎయిర్ ఇండియా ప్రకటించిన చార్టర్లు కరోనాకు ముందు అది నడిపిన షెడ్యూల్ విమానాల్లో 53 శాతానికి సమానమని లెక్కకట్టింది. చిక్కుకున్నవాళ్లను తరలించడం అనే పేరుతో నిషేధాన్ని తప్పించుకుని మామూలు వ్యాపారమే చేస్తున్నట్టు కనిపిస్తోందని, భారత్ వైఖరి వివక్షతో కూడినదని రాసింది. ఆ దేశపు విమానయాన నిబంధనల్లో 212వ భాగం విదేశీ సంస్థల చార్టర్లకు సంబంధించింది. దాని ప్రకారం రెండు దేశాల మధ్య నేరుగా నడిచే చార్టర్‌కు మామూలుగా ముందస్తు అనుమతి అక్కర్లేదు. మూడో దేశం నుంచి ప్రయాణికులను ఎక్కించుకుంటేనే కావాలి. అయితే అవతలి ప్రభుత్వం అమెరికా సంస్థల హక్కులకు అడ్డుపడితే, నేరు ప్రయాణానికి కూడా ఆ అనుమతిని తప్పనిసరి చేసే అధికారం రవాణా శాఖకు ఉంది. ఆ అస్త్రాన్నే ప్రయోగించింది. ముప్పై రోజుల తర్వాత నుంచి ఎయిర్ ఇండియా ప్రతి చార్టర్‌కూ ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలంది.

ఆ వార్త వచ్చిన రోజు డాలస్‌లో, న్యూజెర్సీలో, ఇటు అమీర్‌పేటలో, గుంటూరులో ఎన్ని ఫోన్లు మోగి ఉంటాయో ఊహించవచ్చు. జులై మధ్యకల్లా రెండు ప్రభుత్వాలూ రాజీకొచ్చాయి. 23వ తేదీ నుంచి అమెరికా సంస్థలు విమానాలు నడుపుకోవచ్చని భారత్ ఒప్పుకుంది, అమెరికా ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. ఇలా రెండేసి దేశాలు మాట్లాడుకుని విమానాలు నడుపుకునే ‘ఎయిర్ బబుల్’ అనే మాట మన వార్తల్లోకి అప్పుడే వచ్చింది. 2022 మార్చి 27న మామూలు విమానాలు మొదలయ్యేదాకా ఆ ఏర్పాటు మీదే ప్రయాణాలు సాగాయి. 2020లోనే జర్మనీతోనూ ఇదే గొడవ. లుఫ్తాన్సా వారానికి 20 విమానాలు నడుపుతుంటే మన సంస్థలు మూడు నాలుగే నడుపుతున్నాయని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లుఫ్తాన్సా అనుమతులకు కోత పెట్టింది. లుఫ్తాన్సా సెప్టెంబరు 30 నుంచి అక్టోబరు 20 దాకా విమానాలన్నీ రద్దు చేసుకుంది. జర్మనీ ఎయిర్ ఇండియాకు ఇచ్చిన అనుమతిని ఉపసంహరించింది.

వందే భారత్ లక్షలమందిని ఇళ్లకు చేర్చింది. ఆ మేలు కాదనలేనిది. ఎయిర్ ఇండియా సిబ్బంది ఆ రోజుల్లో ప్రాణాలకు తెగించి పనిచేశారు. అయినా నా అభిప్రాయం సూటిగా చెబుతాను. డెల్టాకు మే నెలలోనే సరే అని ఉంటే మన పిల్లలు మరికొన్ని వారాలు ముందు ఇల్లు చేరేవారు, టికెట్ ధరా దిగేది. అమెరికా ఉత్తర్వు కూడా అంతే. అది డెల్టా, యునైటెడ్‌ల వాటా గురించి మాట్లాడింది. డాలస్ విమానాశ్రయంలో కూర్చున్న అమ్మ గురించి ఒక్క వాక్యం లేదు. రెండు ప్రభుత్వాలూ మార్కెట్‌ను పంచుకోవడానికి పోట్లాడుకున్నాయి. ప్రయాణికుడు రెండువైపులా బేరానికి వస్తువయ్యాడు.

కువైట్ సంగతి ఇంకా బాధాకరం. 2020 ఏప్రిల్‌లో ఆ దేశం ఆమ్నెస్టీ ప్రకటించింది. ఆకామా (నివాస అనుమతి) లేనివాళ్లు జరిమానా కట్టకుండా వెళ్లిపోవచ్చు, విమాన ఖర్చు కూడా మాదేనంది. అప్పటి కడప జిల్లాలోని రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి, చిత్తూరు, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లు, డ్రైవర్లు పేర్లు రాయించుకున్నారు. కువైట్ వాళ్లను శిబిరాల్లో పెట్టింది. విమానం సిద్ధం, టికెట్ ఉచితం. దిగడానికి మన దేశం అనుమతే లేదు. ఎండాకాలం కువైట్‌లో శిబిరం అంటే ఎలా ఉంటుందో అక్కడ పనిచేసినవాళ్లను అడగండి. మే నెలలో అనుమతులు వచ్చాక కువైట్ విమానాలు వాళ్లను తెచ్చి దింపాయి. గన్నవరంలోనూ దింపాయి. క్వారంటైన్ ఏర్పాట్లకు సమయం కావాలన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. సహేతుకమైన కారణమే. కానీ డబ్బు కట్టగలిగినవాళ్ల కోసం లండన్, శాన్‌ఫ్రాన్సిస్కోలకు విమానాలు పంపినప్పుడే, ఉచితంగా వచ్చే ఈ విమానాలకూ గేటు తెరిచి ఉండాల్సింది.

స్విట్జర్లాండ్‌కు తెలుసు, ప్రయాణికుడికి తెలియదు

ప్రయాణికుడి వైపు నుంచి రాసిన నిబంధనలు అసలే లేవని కాదు. ఉన్నవి దాదాపు అన్నీ ఏదో ఒక విషాదం తర్వాత పుట్టాయి.

2004 జనవరి 3. ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్ నుంచి ఫ్లాష్ ఎయిర్‌లైన్స్ అనే ఈజిప్టు చార్టర్ సంస్థ విమానం కైరో మీదుగా పారిస్‌కు బయల్దేరింది. కొత్త సంవత్సరం సెలవులు గడిపి ఇళ్లకు వెళ్తున్న కుటుంబాలు. గాల్లోకి లేచిన నిమిషాల్లోనే విమానం ఎర్రసముద్రంలో కూలింది. 148 మందీ చనిపోయారు. అత్యధికులు ఫ్రెంచి పర్యాటకులు. తర్వాత బయటపడిన విషయం ఫ్రాన్స్‌ను కుదిపేసింది. అదే సంస్థ విమానాలను స్విట్జర్లాండ్ 2002 అక్టోబరులోనే తన దేశంలోకి రాకుండా నిషేధించింది. తనిఖీల్లో భద్రతా లోపాలు కనిపించడమే కారణం. పొరుగు దేశంలో నిషేధించిన సంస్థ విమానం ఎక్కుతున్నామని ఆ కుటుంబాలకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలనే నిబంధనే లేదు. అన్ని వివరాలూ ప్రభుత్వాల మధ్య గుట్టుగా ఉండిపోయాయి.

చాలామంది ప్యాకేజీ టూరు కొన్నారు. హోటల్ చూసుకున్నారు, సముద్రతీరం చూసుకున్నారు. విమానం ఎవరిదో చూసుకోవాలని ఎవరికి తడుతుంది? ఆ ప్రమాదంలో ప్రాణాలు పోయినవారి కుటుంబాలు పట్టుబట్టాయి. యూరోపియన్ యూనియన్ 2005లో చట్టం చేసింది. నిషేధిత విమాన సంస్థల జాబితాను అందరికీ కనబడేలా ప్రచురించాలి. టికెట్ అమ్మిన ప్రతివాడూ విమానం నడిపేది ఎవరో ప్రయాణికుడికి పేరు పెట్టి చెప్పాలి. 2006 మార్చిలో మొదటి జాబితా వచ్చింది. విదేశీ చార్టర్ల మీద ప్రభుత్వాలు చేసిన చట్టాల్లో ఇంత మంచిది నాకు మరొకటి కనబడలేదు. సంస్థల హక్కులను పక్కనబెట్టి, ప్రయాణికుడికి ఒక సమాధానం బాకీ ఉన్నామని అది ఒప్పుకుంది.

డబ్బు సంగతీ ఇలాగే దెబ్బతిన్నాక నేర్చుకున్న పాఠం. 1974 ఆగస్టు 15న బ్రిటన్‌లో కోర్ట్ లైన్ అనే పెద్ద సంస్థ కుప్పకూలి, సెలవులకు వెళ్లిన పదుల వేలమంది విదేశాల్లో చిక్కుబడ్డారు. ఆ దెబ్బతో ప్రయాణికుల కోసం ఒక నిధి ఏర్పడింది. ఇప్పుడు ప్యాకేజీ కొన్న ఒక్కొక్కరి పేరునా నిర్వాహకుడు రెండున్నర పౌండ్లు అందులో జమ చేస్తాడు. 2019 సెప్టెంబరు 23న థామస్ కుక్ మూతపడ్డప్పుడు లక్షన్నర మంది బ్రిటన్ వాసులను ప్రభుత్వమే విమానాలు బాడుగకు తెచ్చి ఇళ్లకు చేర్చింది. మలేసియా ఎయిర్‌లైన్స్ నుంచి డబుల్ డెక్కర్ ఏ380ని కూడా తెప్పించింది. అమెరికాలో అయితే చార్టర్ టికెట్ డబ్బు నిర్వాహకుడి జేబులోకి నేరుగా పోకుండా బ్యాంకులో ప్రత్యేక ఖాతాలో ఉండాలి. ప్రయాణానికి పది రోజులలోపు ధర పెంచడానికి వీల్లేదు.

మన దేశంలో చార్టర్ అనగానే గోవా గుర్తొస్తుంది. 1985లో జర్మనీకి చెందిన కాండోర్ విమానంతో అక్కడ చార్టర్ పర్యాటకం మొదలైంది. చాలాకాలం చార్టర్‌లో వచ్చేవాళ్లు హోటల్‌తో కలిపి ప్యాకేజీగానే కొనాలి, అదే ఏర్పాటులో తిరిగి వెళ్లాలి అన్న షరతు ఉండేది. గోవాలోని డబోలిం నౌకాదళం విమానాశ్రయం కావడంతో వేళల దగ్గరా కట్టుదిట్టమే. థామస్ కుక్ పోయినప్పుడు గోవా బీచ్‌లలో గుడిసె హోటళ్లు నడుపుకునేవాళ్లూ, టాక్సీవాళ్లూ ఆ సీజన్ అంతా దెబ్బతిన్నారు. షెడ్యూల్ లేని ఏ విదేశీ విమానం రావాలన్నా డీజీసీఏ నుంచి ‘వైఏ నంబరు’ తీసుకోవాలి. ఫ్లైట్ ప్లాన్‌లో ఆ నంబరు ఉంటేనే మన గగనతలంలోకి రానిస్తారు. 1995 డిసెంబరులో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా మీద ఆయుధాలు జారవిడిచిన విదేశీ విమానం ఉదంతం తర్వాత ఈ కట్టడి మరింత బిగిసింది. దేశ భద్రత విషయంలో మన వ్యవస్థ చురుకైనదే. ప్రయాణికుడి డబ్బుకు బ్రిటన్ తరహా నిధి మాత్రం మనకు లేదు. 1934 నాటి విమానాల చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమల్లోకి వచ్చింది. కొత్త చట్టం కింద నిబంధనలు రాసుకునే వేళ ఈ లోటు పూడ్చడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు.

నాంపల్లి హజ్ హౌస్‌లో

ఇదంతా అసాధ్యమేమీ కాదని చెప్పడానికి నాంపల్లి దాకా వెళ్తే చాలు. హజ్ సీజన్‌లో అక్కడి హజ్ హౌస్ ఆవరణ జనంతో కిక్కిరిసిపోతుంది. జిల్లాల నుంచి బంధువులంతా కదిలి వస్తారు. హాజీల పెట్టెల మీద పేరు, ఊరు, కవర్ నంబరు పెద్ద అక్షరాల్లో రాసి ఉంటాయి. కవర్ నంబరు అంటే ఒకే దరఖాస్తు మీద కలిసి వెళ్లే కుటుంబానిది. సామాను అక్కడే ఇచ్చేస్తారు. బోర్డింగ్ పాసు, పాస్‌పోర్టు చేతికిస్తారు. అక్కణ్నుంచి బస్సుల్లో శంషాబాద్‌కు తీసుకెళ్తారు. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి చెయ్యి పట్టుకుని దువా చేయమని అడిగే ముసలివాళ్లను చూస్తే మనసు కరిగిపోతుంది.

ఆ విమానాలు కూడా ప్రత్యేకంగా మాట్లాడుకున్నవే. వాటిని నడిపేవాటిలో సౌదీ సంస్థలూ ఉంటాయి. తేడా ఏమిటంటే, విమానాన్ని మాట్లాడుకున్నది ఎవరో అందరికీ తెలుసు: భారత హజ్ కమిటీ. డబ్బు వాయిదాల్లో కమిటీ ఖాతాకే కడతారు. సంస్థను టెండరు ద్వారా ఎంపిక చేస్తారు. ఎంతమంది వెళ్లాలో రెండు ప్రభుత్వాలూ ముందే ఒప్పందం రాసుకుంటాయి. వెళ్లే విమానం ఏదో, తిరిగొచ్చే విమానం ఏదో ముందే నిర్ణయమై ఉంటుంది. ఆలస్యాలు, టికెట్ ధరల మీద ఫిర్యాదులు ఏటా ఉంటాయి. అవి ఎవరికి చెప్పుకోవాలో హాజీకి తెలుసు. ఫుజైరాలో ఎక్కిన ఆ 303 మందికి లేనిది సరిగ్గా అదే.

చార్టర్ చేసినవాడి పేరు

వాట్రీకి ముందే హెచ్చరికలు వచ్చాయి. 2023 ఆగస్టు నుంచి హైతీ నుంచి నికరాగ్వాకు చార్టర్లు ఒకదాని వెనుక ఒకటి వెళ్లాయి. నికరాగ్వాలో దిగితే అక్కణ్నుంచి భూమార్గాన అమెరికా సరిహద్దుకు చేరవచ్చన్నది లెక్క. అక్టోబరు 30న హైతీ ప్రభుత్వం ఆ చార్టర్లను ఆపేసింది. నవంబరు 21న అమెరికా ఒక వింత దారి ఎంచుకుంది. ఆ విమానాలు తన నేల మీద దిగవు కాబట్టి వాటిని ఆపే అధికారం దానికి లేదు. అందుకని అలాంటి చార్టర్ కంపెనీల యజమానులకు, పెద్ద అధికారులకు తన వీసాలు ఇవ్వబోనంది. సరిగ్గా నెలకు వాట్రీలో విమానం ఆగింది.

గుజరాత్ సీఐడీ దర్యాప్తు ప్రకారం ఆ ప్రయాణికుల్లోని గుజరాతీలు అంతకు కొన్నిరోజుల ముందే అహ్మదాబాద్, ముంబై, ఢిల్లీల నుంచి మామూలు విమానాల్లో దుబాయ్ వెళ్లారు. మనిషికి 60 నుంచి 80 లక్షల దాకా ఏజెంట్లు బేరం కుదుర్చుకున్నారు. మన ఇమిగ్రేషన్ కౌంటర్‌లో వాళ్లు దుబాయ్ చూడబోతున్న పర్యాటకులు. ఫుజైరాలో చట్టబద్ధమైన చార్టర్ ప్రయాణికులు. వాట్రీలో ఇంధనం కోసం ఆగిన విమానంలోని ఊరూపేరూ తెలియని జనం. ఒక్కో గేటు దగ్గర కాగితం సరిగ్గానే ఉంది. అన్ని కాగితాలూ కలిపి చూసినవాడు లేడు.

షికాగో ఒప్పందానికి, అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ ఐకావో రూపొందించిన తొమ్మిదో అనుబంధం ఉంది. షెడ్యూల్ లేని విమానం అనుమతి కోరేటప్పుడు ఇవ్వాల్సిన వివరాలు అందులో వరసగా ఉంటాయి. నడిపే సంస్థ పేరు, విమానం రకం, నంబరు, తేదీలు, ప్రయాణం ఎందుకు, ఎంతమంది. చివర్లో మరొకటి కూడా అడుగుతుంది: చార్టర్ చేసినవారి పేరు, చిరునామా, వాళ్లు చేసే వ్యాపారం. కానీ ఇంధనం కోసం ఆగే చోట ఈ వివరాలేవీ అక్కర్లేదు, ఫ్లైట్ ప్లాన్ చాలు. ఫ్రాన్స్‌కు ఆకాశరామన్న కబురే దిక్కయింది అందుకే.

వాట్రీ తర్వాత అందరూ మేలుకుని ఉండాల్సింది. నాలుగు నెలలు దాటాక, 2024 మే 2న, దుబాయ్ నుంచి మరో చార్టర్ జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో దిగింది. అందులో 250 మందికి పైగా. మళ్లీ ఎక్కువమంది భారతీయులే. జమైకా అధికారులు వాళ్ల జవాబులతో తృప్తిపడక దేశంలోకి రానివ్వలేదు. 7వ తేదీన వెనక్కి పంపేశారు. వాళ్లు కట్టిన డబ్బు ఎవరి దగ్గరుందో ఏ ప్రభుత్వమూ అడిగినట్టు నాకు కనబడలేదు.

ఎమిరేట్స్‌తో మనకు ఉన్నంత రాకపోకలు మరే దేశంతోనూ లేవు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల నుంచి ఇప్పటికీ వేలమంది అక్కడికే వెళ్తున్నారు. వాళ్లలో ఎవరికైనా రేపు ‘స్పెషల్ ఫ్లైట్’ అని ఆశ చూపేవాడు దొరకవచ్చు. ఎక్కువమంది భారత పాస్‌పోర్టుదారులున్న చార్టర్ ఎమిరేట్స్ నుంచి మూడో దేశానికి బయల్దేరేటప్పుడు, దాన్ని బాడుగకు తీసుకున్నవారి వివరాలు మన రాయబార కార్యాలయానికి ముందే చేరేలా ఢిల్లీ అబుదాబీతో ఒప్పందం కుదుర్చుకోవచ్చు. తిరుగు ప్రయాణానికి పూచీకత్తు ఎవరిదో రాసివ్వమనవచ్చు. అడిగే అధికారం ఎక్కే దేశానికి ఉందని షికాగో ఒప్పందమే చెబుతోంది. తొమ్మిదో అనుబంధంలో చార్టర్ చేసినవారి పేరుకు చోటు ఇప్పటికే ఉంది. ఆ గడి నిజాయతీగా నిండి, అందులోని పేరు ప్రయాణికుడి టికెట్ మీద కూడా అచ్చయ్యేదాకా, ఏ విదేశీ చార్టర్‌కూ టేకాఫ్ అనుమతి ఇవ్వకూడదు.